ఆరు గంటల కుర్చీ

ఆ గదికి ఉన్నది ఒకటే కిటికీ, అది కూడా కొండలకు పెడమొహంగా ఉంటుంది. రేడియో గదికి కొండలు కనబడాల్సిన పనేముందని కట్టినవాడు అనుకొని ఉంటాడు. నిజానికి పని లేదు. ఒక బల్ల, దాని మీద రేడియో సెట్టు, సెట్టుకు చుట్టలు తిరిగిన తీగతో వేలాడే మైకు. గోడ నిండా పటం, పటం మీద రంగు తలల గుండుసూదులు. ఒక రిజిస్టరు, ఒక గోడ గడియారం, ఒక కుర్చీ. కుర్చీ కుడిచేతి మీద రెగ్జిన్ పూర్తిగా లేచిపోయి లోపలి స్పాంజి కనిపిస్తుంది. పందొమ్మిదేళ్ళు ఒకే మోచెయ్యి ఒకే చోట ఆనితే అంతే.

ఆ మోచెయ్యి రేడియో అక్కది.

ఊరి చివర రోడ్డు ఆగిపోతుంది. కొండల అవతల మళ్ళీ రోడ్డు కనబడాలంటే ఇరవై రెండు రోజులు నడవాలి. మధ్యలో ఐదు కనుమలు, మంచు కరిగి పారే ఏర్లు, కాలు పెడితే కదిలిపోయే రాళ్ళ వాలులు, మనిషి జాడ లేని లోయలు. దారి ఏడాదికి నాలుగు నెలలే తెరుచుకుంటుంది. ఆ నాలుగు నెలలూ ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి, ఆరుగురి నుంచి తొమ్మిది మందిదాకా ఒక బృందంగా, ఒక గైడు వెనకాల బయల్దేరతారు. ఎందుకయ్యా ఈ అవస్థ అంటే, తమని తాము వెతుక్కోడానికి అంటారు. వెతుక్కోండి, ఎవరొద్దన్నారు! కానీ వాళ్ళు నిజంగానే తప్పిపోతే వెతకాల్సింది మాత్రం ఈ గది ఉన్న కొండదారి ఆఫీసు.

అందుకని ప్రతి గైడు సంచిలోనూ ఒక చేతి రేడియో ఉంటుంది. సాయంత్రం ఆరింటికి ప్రతి బృందమూ తాము ఎక్కడున్నదీ, ఎందరున్నదీ, ఎవరి ఒంట్లో ఎలా ఉన్నదీ ఆఫీసుకు చెప్పాలి. దీన్ని అక్కడ హాజరు అంటారు. కొండ మీది సెట్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేవు, మధ్యలో శిఖరాలు అడ్డం. ఆఫీసు మేడ మీది రేడియో స్తంభమే అన్నిటికీ దిక్కు. ఒక సాయంత్రం హాజరు రాకపోతే రిజిస్టరులో ఎర్ర గీత పడుతుంది. వరసగా రెండో సాయంత్రం కూడా రాకపోతే వెతకడానికి మనుషులు బయల్దేరతారు. ఇంకొక నియమం ఉంది. చివరి బృందం హాజరు పలికేదాకా కుర్చీలో మనిషి లేవకూడదు.

రేడియో అక్క ఇక్కడికి రెండు నెలలకని వచ్చింది. అప్పుడామెకు ఇరవై ఏడేళ్ళు. అంతకుముందు ఆ కుర్చీలో ఉన్న పెద్దాయన కంటి ఆపరేషనుకు వెళ్ళాడు. చూపు బాగుపడి తిరిగొచ్చి, ఆ గోడని ఒకసారి శుభ్రంగా చూసి, ఇంక నావల్ల కాదని ఇంటికి వెళ్ళిపోయాడు. ఆమె ఉండిపోయింది.

గొంతు వింటే చాలు, మనిషి ఎంత ఎత్తులో ఉన్నాడో ఆమె చెప్పేస్తుందని ఊళ్ళో గొప్పగా అంటారు. ఇందులో మహిమేమీ లేదు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, మాట మధ్యలో ఊపిరి తెగుతుంది. ఎక్కడ తెగుతోందో వింటే సరిపోతుంది. పందొమ్మిదేళ్ళు వింటే ఎవరికైనా వస్తుంది. కాకపోతే పందొమ్మిదేళ్ళు వినడానికి ఇంకెవరూ ఒప్పుకోలేదు.

"అక్కా, అందరం బాగున్నాం. ఓవర్."

"అందరూ అంటే ఎంతమందిరా? ఓవర్."

"ఏడుగురం అక్కా. ఓవర్."

"మరి నీ వెనకాల దగ్గుతున్నది ఎవరు, ఎలుగుబంటా? ఆ దగ్గులో తడి ఉంది. రేపు పైకి ఎక్కడం లేదు. పొద్దున్నే అతన్ని కిందికి దించు. ఓవర్."

"రేపు కనుమ దాటాలక్కా, వీళ్ళు ఊరుకోరు…"

"ఊరుకోకపోతే మైకు వాళ్ళ చేతికివ్వు. నేను మాట్లాడతా. ఓవర్."

ఎవరూ మైకు తీసుకొనేవారు కాదు. అలా దించిన మనుషులు ఇవాళ ఎక్కడో ఉద్యోగాలు చేసుకుంటూ, కొండ తమకు ఏం నేర్పిందో ఉపన్యాసాలు ఇస్తూ ఉంటారు. దించింది కొండ కాదని వాళ్ళకు తెలియదు.

ఆమె ఆ దారిలో ఒక్క అడుగు కూడా వేసి ఎరగదు. "ఏనుగు బండ దగ్గర ఎడమకు తిరుగు, ఎర్ర ఏరు దాటాక గట్టు పట్టుకొని పో" అని వందలమందికి చెప్పిన మనిషి ఏనుగు బండని చూడలేదు. చూడాలని మాత్రం మొదటి ఏడాదే అనుకుంది. సీజను నాలుగు నెలలూ కుర్చీలో ఉండాలి. సీజను అయిపోయాక దారే ఉండదు. ఇద్దరు పిల్లలు పుట్టింది కూడా సీజను కాని నెలల్లోనే. దానికి ఆఫీసంతా ఆమెను మెచ్చుకుంది. ఒకసారి అత్తగారి తుంటి విరిగింది, ఒకసారి ఆమె బదులు పెట్టిన మనిషి మూడో రోజే ఏడ్చి పారిపోయింది.

ఆఫీసు సారు చెడ్డవాడు కాదు, అదే ఇబ్బంది. సెలవు అడిగిన ప్రతిసారీ కళ్ళు చెమర్చేలా పొగిడేవాడు.

"నువ్వు లేకపోతే ఈ ఆఫీసు ఎక్కడిదమ్మా? నువ్వు ఈ కొండలకే తల్లివి."

"నాకు ఇద్దరు పిల్లలు చాలు సార్. సెలవు సంగతి చెప్పండి."

"చూద్దాం, వచ్చే ఏడు చూద్దాం."

మనిషిని గదిలో పెట్టి తాళం వేస్తే అరుస్తుంది, నలుగురూ వస్తారు. పొగిడి కూర్చోబెడితే ఎవరికి చెప్పుకుంటుంది?

నలభై ఆరో ఏట ఎడమ మోకాలు నొప్పి మొదలైంది. డాక్టరు ఎక్స్‌రే చూసి, "కొండలు ఎక్కే ఆలోచనేమైనా ఉంటే ఈ రెండేళ్ళలో ఎక్కెయ్యండి, తర్వాత మెట్లెక్కితే గొప్ప" అన్నాడు, నవ్వులాటకి. ఆమె నవ్వలేదు. మర్నాడు సారు గదికి వెళ్ళి, సీజను చివరి బృందంలో తన పేరు రాయమంది. సారు పొగడబోయాడు. "అవన్నీ రాసి ఉంచండి, వచ్చాక వింటా" అని కుర్చీలో తన తోటికోడల్ని కూర్చోబెట్టింది.

తోటికోడలు అంతవరకూ బస్టాండులో బస్సుల రాకపోకలు మైకులో చెప్పేది. మైకంటే భయం లేని మనిషి. గొంతు మాత్రం తగరం మీద మేకుతో గీసినట్టు ఉంటుంది. నెల రోజులు అక్క పక్కన కూర్చొని పటం నేర్చుకుంది, దగ్గులు నేర్చుకుంది, కనుమలన్నీ ఒప్పజెప్పింది. గైడులు మాత్రం వేళాకోళం ఆపలేదు.

"అక్కా, ఆవిడ మాట్లాడుతుంటే మావాళ్ళు బస్సొచ్చిందనుకొని సంచులు సర్దుకుంటున్నారు. ఓవర్."

"సర్దుకోమనండి, కిటికీ పక్క సీటు ఇప్పిస్తా," అంది తోటికోడలు తడుముకోకుండా. రేడియో అక్కకి ధైర్యం వచ్చింది.

అందరికంటే పెద్ద గైడు అక్కకి మేనమామ కొడుకు, వరసకు బావ. యాభై రెండేళ్ళ వయసు, ముక్కు మీద కోపం, కాళ్ళలో మేక చురుకు. మిగతావాళ్ళంతా ఆమెను అక్కా అంటే ఇతనొక్కడే మరదలా అనేవాడు.

"నువ్వు నడుస్తావా మరదలా? కుర్చీ కూడా మోయించుకుపోతావా ఏం?"

"నువ్వు మోస్తానంటే అలాగే."

"నేను అవతలి రోడ్డు వైపు నుంచి ఒక బృందాన్ని తెస్తున్నాగా. నీ పద్నాలుగో రోజుకి మూడో కనుమ కింద ఎదురుపడతాం. టీ పెట్టిస్తా, అప్పటికి ప్రాణం ఉంటే తాగుదువుగాని."

భర్త ఆఫీసు వ్యాను నడుపుతాడు. పొదుపుగా మాట్లాడే మనిషి. దారి మొదట్లో ఆమెను దించి, సంచి పట్టీ సరిచేసి, "అవతల ఎక్కించుకోడానికి వస్తా" అన్నాడు. అంతే.

బృందంలో ఆమె కాక ఐదుగురు. గైడు పేరుకు తగ్గట్టు నిదానమైనవాడు; అతన్ని అందరూ నిదానం అనే పిలుస్తారు. ఒక పళ్ళ డాక్టరు ఉన్నాడు, ప్రతి ఎత్తు దగ్గరా ఆగి, ఇక్కడ మనిషి చిన్నవాడైపోతాడండీ అనేవాడు. ఆమెకు అలాంటిదేమీ అనిపించలేదు. మోకాలు నొప్పి పుట్టింది, ఆకలి బాగా వేసింది. మూడో రోజున నిదానం ఒక రాతిని చూపించి అదే ఏనుగు బండ అన్నాడు.

"ఇదా? దీనికి తొండమేదిరా?"

"ఎప్పుడూ లేదక్కా."

"మరి ఏనుగు అని ఎందుకన్నారు?"

"నువ్వే కదా అనేది. మేం నీ దగ్గరే నేర్చుకున్నాం."

ఆమెకు నవ్వాగలేదు. పందొమ్మిదేళ్ళలో అంత నవ్విన గుర్తు లేదు. ఇరవై రెండు రోజులూ ఇలాగే ఉంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అనుకుంది.

కానీ ఆరు గంటలనేది కొండ మీద కూడా ఉంది. ఐదున్నర నుంచే ఆమె చూపు నిదానం సంచి మీదికి పోయేది. అతను హాజరు చెప్పగానే తోటికోడలు గొంతు వినబడేది: "అక్క ఉందా? ఒక్కసారి ఇవ్వండి." ఫలానా బృందంలో వాంతులు, దించాలా వద్దా? ఫలానా గైడు దారి మార్చానంటున్నాడు, ఒప్పుకోవాలా? ఆమె చెప్పేది. చుట్టూ శిఖరాలు ఎర్రబడుతుండేవి, డాక్టరు చేతులు చాచి నిలబడేవాడు, ఆమె మాత్రం రాతి మీద కూర్చొని అరచేతిలోని సెట్టు వైపే చూస్తుండేది. ఆ రాతికి రెగ్జిన్ లేదు, అంతే తేడా.

ఆ నడకలో ఎనిమిదో రోజు మజిలీ ముఖ్యమైనది. రెండో కనుమ దిగాక వచ్చే ఆ లోయలోంచి ఏటి వెంబడి కిందికి ఒక దారి ఉంది. ఒకటిన్నర రోజు నడిస్తే రోడ్డు వస్తుంది. నడవలేనివాళ్ళు అక్కడే తప్పుకోవాలి. ఆ మజిలీ దాటాక ఇరవయ్యో రోజుదాకా ముందుకు పోవడమే తప్ప బయటపడే దారి లేదు.

ఏడో సాయంత్రం తోటికోడలు చెప్పింది, బావ బృందం హాజరు రాలేదని. అది వాళ్ళ మొదటి రోజే. ఆ మధ్యాహ్నం అవతలి వైపు మంచు పడిందని కూడా చెప్పింది. మొదటి రోజు కదా, బ్యాటరీలు సర్దుకొని ఉండడు, రేపు చూద్దామంది అక్క. ఎనిమిదో సాయంత్రం ఆ లోయలో గుడారాలు వేసి, సెట్టు అందుకొనేసరికి అవతల సారే ఉన్నాడు.

"అమ్మా, ఇవాళ కూడా లేదు. అరగంట నుంచి పిలుస్తున్నాం. తొమ్మిది మంది ఉన్నారమ్మా ఆ బృందంలో. ఓవర్."

"మనుషుల్ని పంపండి. ఓవర్."

"పొద్దున్నే బయల్దేరతారు. కానీ ఎటు పంపను? అతను నియమం ప్రకారం నడిచే రకమా? మంచు పడితే ఏ పక్కకి తప్పుకుంటాడో నీకు తప్ప ఎవరికి తెలుసు?"

తోటికోడలు మధ్యలో అందుకుంది. "అక్కా, నేను చూసుకుంటాను. నువ్వు ఇక్కడికొచ్చే పని లేదు. ఆయన తప్పుకునే చోట్లన్నీ నీ రిజిస్టర్లలో ఉన్నాయి, తీసి చదువుతున్నా. ఓవర్."

"చదివితే తెలిసే సంగతా ఇది!" సారు గొంతు. "వెతికేవాళ్ళకి గంటగంటకీ దారి చెప్పాలి, నీ చేతి సెట్టు బ్యాటరీ అంతసేపు రాదు. తొమ్మిది ప్రాణాలు. ఆలోచించుకోమ్మా. ఓవర్."

ఆలోచించుకోమనడం ఎంత తేలికో! ఆమె సెట్టు ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. నిదానం పక్కన చతికిలబడ్డాడు.

"వెళ్ళకక్కా."

"వాడికేమైనా అయితే?"

"అయి ఉంటే ఈపాటికి అయిపోయి ఉంటుంది. నువ్వు దిగేసరికి రెండు రోజులు."

"అంటే నేను మూడో కనుమ కింద టీ తాగడానికి పోనా? వాడక్కడ లేకపోతే?"

నిదానం ఆమె ఒళ్ళోని సెట్టు తీసి సంచిలో పెట్టాడు. పొద్దున ఆమె సంచి విడిగా కట్టుకుంది. ఏటి దారి తప్పడానికి వీల్లేనిదే అయినా ఒంటరిగా పంపడం నియమం కాదు. తోడు దొరికింది: పళ్ళ డాక్టరుకి రెండ్రోజులుగా పన్ను నొప్పి, బుగ్గ పొంగిపోయింది.

దిగేటప్పుడు ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. డాక్టరు మాత్రం బుగ్గ పట్టుకొని, ఇదొక త్యాగమండీ, మీరు కొండకంటే ఎత్తైనవారు అని మొదలుపెట్టాడు.

"మీ పన్ను ఏ వైపు?" అందామె.

"ఎడమ."

"అయితే కుడివైపు నొక్కుకొని నోరు మూసుకోండి."

మర్నాడు మధ్యాహ్నం రోడ్డు మీద వ్యాను నిలిచి ఉంది. భర్త ఆమె సంచి అందుకున్నాడు. బావ సంగతి ఇంకా తెలియలేదని, వెతకడానికి పోయినవాళ్ళకి మంచులో అడుగుజాడలు దొరకడం లేదని మాత్రం చెప్పాడు. మూడు గంటల ప్రయాణం. ఆరుకి నాలుగు నిమిషాలుందనగా ఆమె బురద బూట్లతోనే గదిలోకి వచ్చింది. తోటికోడలు లేచి నిలబడింది. కళ్ళ కింద నల్లటి చారలు. రెండు రాత్రులు నిద్ర లేనట్టుంది. అక్క కూర్చుంది, మోచెయ్యి దాని చోటికి అదే పోయింది. ఆరు కొట్టగానే మైకు నొక్కింది.

"బావా, ఎక్కడ చచ్చావ్? ఓవర్."

ఒక్క క్షణం గరగర. ఆ తర్వాత గొంతు, అడుగు దూరంలో ఉన్నంత స్పష్టంగా.

"చావడమేంటి, నిక్షేపంలా ఉన్నాం. నువ్వేంటి అక్కడ? కొండ మీద లేవూ? ఓవర్."

సారు, భర్త, తోటికోడలు ముగ్గురూ సెట్టు చుట్టూ మూగారు.

"మూడు సాయంత్రాలుగా హాజరేది? ఓవర్."

"ఎవరికి చెప్పను? రోజూ ఆరింటికి సెట్టు పెడుతూనే ఉన్నా, నీ గొంతు కాదు. సరే, నువ్వు నాకెదురే వస్తున్నావు కదా, కలిసినప్పుడు ఎదురుగానే చెబుదామని కట్టేస్తున్నా. బ్యాటరీ దండగెందుకు? మంచు పడిందని పక్కకి తప్పుకొని పాత గొర్రెలవాళ్ళ గుడిసెలో ఉన్నాం. తొమ్మిది మందీ బాగున్నారు. ఓవర్."

అది అబద్ధం కాదు, పొగరు కూడా పూర్తిగా కాదు. అతని లెక్కలో హాజరు ఆఫీసుకు ఇచ్చేది కాదు, ఆమెకు ఇచ్చేది. ఆమె కొండ మీద తన వైపే నడిచి వస్తుంటే, ఊళ్ళో ఎవరికో కేకలు పెట్టడం దేనికి? ఇరవై ఐదేళ్ళు ఆ కొండల్లో తిరిగిన మనిషికి ఇందులో తప్పేముందో తలకెక్కలేదు.

ఆమె రిజిస్టరు తెరిచి అతని బృందం పేరు ఎదుట తొమ్మిది అని రాసింది. మిగతా బృందాల హాజరు తీసుకుంది. వెతకడానికి పోయినవాళ్ళని వెనక్కి రమ్మంది. అంతా అయ్యాక మైకు కొక్కేనికి తగిలించి బూట్లు విప్పడానికి వంగితే వేళ్ళు తాళ్ళ ముడి విప్పలేకపోయాయి. భర్త కింద కూర్చొని విప్పాడు.

"చూశావా అమ్మా," అన్నాడు సారు. "నువ్వు లేకపోతే ఏమవుతుందో చూశావా."

ఆమె చూసింది. ఆయన చూడమన్నది ఒకటి, ఆమె చూసింది ఇంకొకటి. నిదానం బృందం ఆమె లేకుండా మూడో కనుమ దాటింది, ఐదో కనుమ దాటింది, పదమూడు రోజుల తర్వాత అవతలి రోడ్డు మీద తేలింది. వాళ్ళ ప్రతి హాజరూ ఆమే రాసుకుంది. ఆ వారమే మంచు దారి మూసేసింది.

చలికాలమంతా ఆఫీసులో ఆమెను దేవతని చేశారు. గోడ మీద ఆమె ఫొటో పెట్టి కింద ఏదో రాయించాలని సారు ఉబలాటపడ్డాడు. ఆమె మోకాలికి పట్టీ కట్టుకొని పొద్దున్నే ఊరి చివరిదాకా నడిచి వచ్చేది. మోకాలు చూసిన డాక్టరు చెప్పిన రెండేళ్ళలో ఒకటి అయిపోయింది.

ఒకరోజు తోటికోడలు ఇంట్లో బట్టలు మడతపెడుతూ అంది: "తప్పు నాదే అక్కా. నాకు రాదని వాళ్ళకి తెలిసిపోయింది."

"నీకు రాకపోవడమేంటే! పిలిచావు, గీత గీశావు, రెండో రోజు సారుకి చెప్పావు. నేనైనా అంతే చేసేదాన్ని."

"మరి?"

"మరేం లేదు. వాళ్ళ చెవులు నా గొంతుకి అలవాటు పడ్డాయి. ఆ అలవాటు వాళ్ళంతట వాళ్ళు మానరు. నేనే మాన్పించాలి."

కొత్త సీజను మొదటి రోజున కుర్చీలో తోటికోడలు కూర్చుంది. రేడియో అక్క గది మూల ఒక స్టూలు వేసుకుంది. ఆరు కొట్టింది.

"అక్కా, ఉన్నావా? ఓవర్."

"ఉంది. మాట్లాడదు. నాకు చెప్పండి. ఓవర్," అంది తోటికోడలు.

"మాట్లాడకపోవడమేంటి? గొంతు పోయిందా? ఓవర్."

"గొంతు ఉంది, ఓపిక లేదు. ఎంతమందున్నారు? ఓవర్."

స్టూలు మీద ఆమె ఆ సీజనంతా ఒక్క మాట కూడా పలక్కూడదని నిశ్చయించుకుంది. ఇంట్లో ఉండిపోవచ్చు కదా అని భర్త అన్నాడు. ఇంట్లో ఉంటే, అక్క రేపొస్తుంది అని వాళ్ళు ఎదురుచూస్తూనే ఉంటారు. ఇక్కడే ఉండి, వింటూ ఉండి, పలక్కపోతేనే వాళ్ళకి తెలుస్తుంది. కుర్చీలో ఉన్నన్నాళ్ళూ ఆమెకు ఆ గది ఇంత ఇరుకని తెలియలేదు. మాట గొంతుదాకా వచ్చేది, దాన్ని మింగేది. దగ్గు వినబడేది, తోటికోడలు కూడా విన్నదా లేదా అని ఆమె మొహం చూసేది. చాలాసార్లు విన్నది. ఒకసారి వినలేదు, అక్క స్టూలు అంచు గట్టిగా పట్టుకుంది. అర నిమిషం తర్వాత తోటికోడలే, "ఆగండి, ఆ దగ్గేంటి? మళ్ళీ దగ్గమనండి" అంది.

నెల తిరిగేసరికి గైడులు ఒక్కొక్కరే దారికి వచ్చారు. బావ బృందం కొండెక్కింది. మొదటి మూడు రోజులూ అతను, "తొమ్మిది. బాగున్నాం" అని చెప్పి కట్టేశాడు. నాలుగో రోజు పైన కుండపోత. ఎర్ర ఏరు పొంగింది. ఎగువన తాళ్ళ వంతెన ఒకటుంది. అది నిలిచి ఉందో లేదో ఆఫీసుకు తెలుసు, ఆ పొద్దున దాటిన ఇంకో బృందంవాళ్ళు రేడియోలో చెప్పారు కాబట్టి.

"వంతెన ఉందా లేదా? ఓవర్."

"ఉంది అన్నయ్యగారూ. కానీ నడిమి పలకలు పోయాయి, చెబుతా వినండి…"

"నువ్వాగు చెల్లెమ్మా. ఆమెని చెప్పమను. తొమ్మిది మందిని తీసుకొని నీళ్ళ మీదికి పోతున్నా, ఎవరి మాట పడితే వాళ్ళ మాట మీద పోను. అక్కడే కూర్చొనుందని నాకు తెలుసు. మరదలా! నాటకాలు చాలు, పలుకు. ఓవర్."

సారు పరుగున వచ్చాడు. స్టూలు ముందు నిలబడి రెండు చేతులూ పట్టుకున్నంత పని చేశాడు. "ఒక్క మాటమ్మా. ఉంది, పోయిన పలకలు ఇన్ని, అంతే. నీ సొమ్మేం పోయింది?"

పలికితే మళ్ళీ మొదటికొస్తుంది. పలక్కపోతే, అతను అలిగి వంతెన మానేసి ఏట్లో దిగితే? దిగడు, తొమ్మిది మందితో దిగడు అని ఆమెకు తొంభై పాళ్ళు తెలుసు. మిగతా పది పాళ్ళ సంగతి తెలియదు. ఈ గదిలో ఇంకొక్క నిమిషం ఉంటే తన నోరు తన మాట వినదని కూడా తెలుసు. కుర్చీలో మనిషి లేవకూడదు కానీ, స్టూలుకి ఏ నియమమూ లేదు. ఆమె లేచింది. సారుని తప్పించుకొని, తలుపు తీసుకొని, మెట్లు దిగి వీధిలోకి వచ్చింది.

సీజనులో ఆ వేళప్పుడు ఆమె వీధిలో ఉండడం ఇరవై ఏళ్ళలో ఇదే మొదలు. దర్జీ దుకాణంలో లైటు వేశారు. మంగలి గుడ్డ దులుపుతున్నాడు. రొట్టెల దుకాణం ఆవిడ ఆమెను చూసి గడియారం చూసుకుంది.

"ఏమైంది? ఆరున్నరకి బయటున్నావ్! ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదు. నేనే వచ్చా."

వీధి చివర కొండలు నల్లగా, మబ్బు కప్పుకొని ఉన్నాయి. అటు చూడబోతుంటే వెనక కిటికీలోంచి తగరం గీసినట్టు గొంతు వీధంతా వినిపించింది. మంగలి కూడా ఆగి విన్నాడు.

"అన్నయ్యగారూ! అక్క గదిలోంచి వెళ్ళిపోయింది. ఇక్కడ ఉన్నది నేనొక్కదాన్నే. వంతెన నడిమి మూడు పలకలు లేవు. ఒక్కొక్కరే దాటాలి, సంచులు విడిగా లాగాలి. ఇవాళ వద్దు, తెల్లారి నీళ్ళు తగ్గాక. విన్నారా లేదా? వింటే మళ్ళీ నాకు చెప్పండి. ఓవర్."

గరగర. చాలాసేపు గరగరే. రొట్టెల ఆవిడ కూడా గడప మీదికి వచ్చింది. అప్పుడు వినబడింది, కోపంగా, ఓడిపోయిన కోపంతో:

"ఎన్ని పలకలన్నావ్? ఓవర్."

రేడియో అక్క గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. కాసేపటికి మెట్లెక్కి తలుపు నెట్టింది. తోటికోడలు చెవి సెట్టుకు ఆనించి రాసుకుంటోంది. వెనక్కి తిరక్కుండానే, వచ్చిందెవరో చూడకుండానే, ఎడమ చెయ్యెత్తి చప్పుడు చెయ్యొద్దన్నట్టు ఊపింది.

అక్క తలుపు మెల్లగా దగ్గరికి వేసి, సారు గదికి పోయింది. చివరి బృందం జాబితా బల్ల మీదే ఉంది. ఆయన వచ్చేలోగా తన పేరు తనే రాసుకుంది.